ఇంటి పనికి 14 లక్షలు, అమ్మానాన్నలకి అమెరికా టికెట్లు: ఏ క్రెడిట్ కార్డు తీసుకోమంటారు?

కావలి_కుర్రోడు
కావలిలో ఇల్లు కడుతున్నాం. స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్ అయిపోయాయి. ఇక మిగిలింది పైపై పనే అన్నాడు మేస్త్రి. అసలు డబ్బు తాగేది ఈ పైపై పనే అని ఇప్పుడు తెలుస్తోంది. ఏప్రిల్ లోపల పెట్టాల్సిన ఖర్చు ఇదీ: టైల్స్ 2 లక్షలు, చీమకుర్తి గ్రానైటు లక్షా 20 వేలు, బాత్రూం సామాను లక్షా 40 వేలు, వైర్లు స్విచ్చులు లక్షా 30 వేలు, తలుపులు కిటికీలు లక్షా 60 వేలు, వంటగది, కప్‌బోర్డుల చెక్కపని 3 లక్షల 50 వేలు, ఏసీలు ఫ్రిజ్జు టీవీ 2 లక్షలు, పెయింటింగ్ లక్ష. వెరసి 14 లక్షలు.

అక్కాబావ డాలస్‌లో ఉంటారు. అక్కకి జూన్‌లో డెలివరీ. మేలో అమ్మానాన్న వెళ్లాలి. చెన్నై నుంచి రానూపోనూ ఒక్కొక్కరికి లక్షా 10 వేలు చూపిస్తోంది. మా ఆఫీసులో ఒకాయన, "ఒక ట్రావెల్ కార్డు తీసుకుని ఇంటి ఖర్చంతా దాని మీద గీకెయ్, రెండు టికెట్లూ ఊరికే వచ్చేస్తాయి" అన్నాడు. అప్పటినుంచి నిద్ర పట్టట్లేదు.

నాకు ఇప్పటిదాకా క్రెడిట్ కార్డే లేదు. జీతం 62 వేలు. డబ్బుకి ఇబ్బంది లేదు, పొలం అమ్మింది బ్యాంకులో ఉంది. అప్పు కోసం కాదు, పాయింట్ల కోసమే. ఏ కార్డు మంచిది?

మలైకాజా
పొలం అమ్మి ఇల్లు, ఇంటి మీద విమానం. బలే ప్లాన్ అబ్బయా.

మైపాడు_అల
మీ ఆఫీసాయన చెప్పింది కరెక్టే. నేను బెంగళూరులో ఉంటా, 2023 నుంచి యాక్సిస్ అట్లాస్ వాడుతున్నా. ఏడాది ఫీజు 5,000, దాని మీద జీఎస్టీ. మామూలు ఖర్చుకి 100కి 2 మైళ్లు (ఆ కార్డు పాయింట్ల పేరు అది), ఎయిర్‌లైన్ సైట్లో నేరుగా టికెట్ కొంటే 100కి 5. ఒక మైలు ఇస్తే చాలా ఎయిర్‌లైన్లలో రెండు పాయింట్లు ఇస్తారు. నీ 14 లక్షలకి 28 వేల మైళ్లు, అంటే 56 వేల ఎయిర్‌లైన్ పాయింట్లు. పైన 3 లక్షలు దాటితే ఒక బోనసు, ఏడున్నర దాటితే ఇంకోటి. ఎయిర్‌పోర్టు లౌంజ్ ఉచితం. ఇంకేం కావాలి? లెక్క నేను తీసుకున్నప్పటిది, ఇప్పుడు కొత్తవాళ్లకి ఇస్తున్నారో లేదో, ఏమైనా మార్చారో సైట్లో చూసుకో.

మలైకాజా
కావలి స్టేషన్లో లౌంజ్ అంటే రెండో ప్లాట్‌ఫాం మీద సిమెంటు బల్ల. అది కార్డు లేకుండానే ఉచితం.

పెన్నా_గట్టు
హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా గోల్డ్ కూడా చూడు. ఫీజు 2,500 ప్లస్ జీఎస్టీ. నేను తీసుకున్నప్పుడు ఏడాదిలో 4 లక్షలు వాడితే తర్వాతి ఏడు ఫీజు లేదు, 5 లక్షలు దాటితే 5 వేల ఫ్లైట్ వోచరు. 150కి 4 పాయింట్లు, విమాన టికెట్టుకి వాడితే పాయింటు అర్ధ రూపాయి. అంటే వందకి రూపాయి ముప్ఫై పైసలు. అట్లాస్ అంత గొప్పలు పోదు గానీ లెక్క తల తినదు.

బ్యాంకు_బాబాయ్
ఆగండర్రా. పిల్లాడు అడిగినదానిలో ముఖ్యమైన మాట అందరూ దాటేశారు. జీతం 62 వేలు, ఇంతవరకూ కార్డు లేదు. మీరు చెప్పే రెండు కార్డులూ ఆ జీతానికి దొరకడం కష్టం. దొరికినా మొదటి కార్డుకి లిమిట్ ఎంత ఇస్తారు? నేను ఒంగోలులో ఇన్నేళ్లు లోన్లు, కార్డుల టేబుల్ దగ్గర కూర్చున్నా. అప్పు చరిత్ర లేనివాడికి లక్ష, లక్షన్నర ఇచ్చారంటే సంతోషించాలి. లక్షన్నర లిమిట్‌లో 14 లక్షలు ఎట్టా గీకుతాడు?

కావలి_కుర్రోడు
బాబాయ్, అది నేను ఆలోచించలేదు. డబ్బు ముందే కార్డులో వేసేసి గీకకూడదా?

బ్యాంకు_బాబాయ్
ఒకటి రెండు సార్లు బిల్లు రాకముందే కట్టేసి లిమిట్ ఖాళీ చేసుకోవచ్చు, తప్పులేదు. కానీ లిమిట్‌కి మించి లక్షలు జమ చేస్తే చాలా బ్యాంకులు వెనక్కి పంపేస్తాయి. నెలలో నాలుగైదుసార్లు నింపుతూ తిప్పుతుంటే వ్యాపారానికి వాడుతున్నావేమో అని కార్డు ఆపి ఫోన్ చేస్తాయి.

నీకు సరైన దారి వేరే ఉంది. పొలం డబ్బు ఉంది కదా. అందులో కొంత ఎఫ్‌డీ చేసి, దాని మీద కార్డు అడుగు. ఎఫ్‌డీలో 80 శాతమో, 90 శాతమో లిమిట్ ఇస్తారు, కొన్నిచోట్ల పూర్తిగా. జీతం చూడరు, సిబిల్ (అప్పుల చరిత్ర స్కోరు) చూడరు. ఎఫ్‌డీ వడ్డీ నీకు వస్తూనే ఉంటుంది. అయితే ఎఫ్‌డీ మీద ఇచ్చేవి మామూలు రకం కార్డులు, పాయింట్లు పలుచగా ఉంటాయి.

పొగాకు_బ్యారన్
ఇంత తతంగం ఎందుకు? టంగుటూరులో మా ఫ్రెండుకి మిషను ఉంది. నీ కార్డు గీకి 2 శాతం పట్టుకుని డబ్బు నీ ఖాతాలో వేస్తాడు. ఆ డబ్బుతో బిల్లు కట్టు, మళ్లీ గీకు. పాయింట్లే పాయింట్లు.

బ్యాంకు_బాబాయ్
పొగాకు గారూ, దయచేసి ఇట్టాంటివి పిల్లలకి చెప్పకండి. సరుకు లేకుండా బిల్లు కొట్టడం దొంగ లావాదేవీ. బ్యాంకు పసిగడితే కార్డు రద్దు, పాయింట్లు గోవిందా. పైగా 2 శాతం ఇచ్చి ఒకటిన్నర శాతం పాయింట్లు తెచ్చుకోవడం ఏ వేలంలో నేర్చుకున్నారు?

పొగాకు_బ్యారన్
సరే సామీ, ఊరికే అన్నా.

చీమకుర్తి_నల్లరాయి
నేను గ్రానైటు అమ్మేవాడిని, నా వైపు నుంచి ఒక మాట. కావలి తమ్ముడూ, నువ్వు లక్షా 20 వేలు కార్డు మీద గీకితే మిషను వాళ్లు మా దగ్గర దాదాపు 2 శాతం పట్టుకుంటారు, దాని మీద జీఎస్టీ వేరే. అది మేం జేబులోంచి ఇవ్వం. ధరలో కలుపుతాం, లేదంటే మొహం మీదే "కార్డైతే 2 శాతం ఎక్స్‌ట్రా" అంటాం. యార్డుల్లో పద్ధతి ఇదే. నువ్వు నెఫ్ట్ (బ్యాంకు ట్రాన్స్‌ఫర్) చేస్తానంటే అడుగుకి రెండు మూడు రూపాయలు తగ్గించమని గట్టిగా అడగొచ్చు. తగ్గిస్తారు కూడా. మా దగ్గర బేరం ఆడకుండా వెళ్లేవాడంటే మాకే అనుమానం.

ఇంకోటి. నగదు అయితే 2 లక్షలు, ఆపైన ఒక్కరి దగ్గర తీసుకోకూడదు, ఆదాయపన్ను చట్టంలో ఉంది. టైల్స్ వాళ్లకి నోట్ల కట్టలు పట్టుకెళ్లొద్దు. 2 లక్షలంటే ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాల ట్రాన్స్‌ఫర్) కూడా కుదురుతుంది, దానికి కనీసం 2 లక్షలు ఉండాలి. అంతకన్నా తక్కువైతే నెఫ్ట్.

కనిగిరి_కోడలు
నల్లరాయి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను మా ఆడపడుచు పెళ్లికి ఇదే పిచ్చి పని చేశాను. 4 లక్షల నగలు కార్డు మీద తీసుకుంటే పాయింట్ల వర్షం కురుస్తుంది అనుకున్నా. షాపతను కార్డుకి 2 శాతం వేశాడు, 8 వేలు. నెలాఖరుకి స్టేట్‌మెంటు చూస్తే నగల కొనుగోలుకి పాయింట్లే లేవు. నిబంధనల కాగితంలో పదకొండో పేజీలో రాసుంది అంట. బంగారం, అద్దె, ఇన్సూరెన్సు, ప్రభుత్వ పన్నులు, పెట్రోలు, వాలెట్‌లో వేసుకోవడం, ఇవన్నీ చాలా కార్డుల్లో లెక్కలోకి రావు. మా ఆయన ఇప్పటికీ నన్ను "సున్నా పాయింట్ల రాణి" అంటాడు.

కావలి తమ్ముడూ, నీ జాబితా తీసుకుని ఒక్కొక్క షాపుకి ఫోన్ చేసి, "కార్డు తీసుకుంటారా, ఎక్స్‌ట్రా ఎంత, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తే ఎంత తగ్గిస్తారు" అని మూడు ప్రశ్నలు అడుగు. కార్డు పేరు ఆ తర్వాత.

మలైకాజా
పదకొండో పేజీ దాకా చదివిన మొదటి మనిషివి నువ్వే అక్కా.

కనిగిరి_కోడలు
పోయాక చదివాను నాయనా.

కావలి_కుర్రోడు
అక్క చెప్పినట్టే రెండు రోజులు ఫోన్లు చేశా. ఫలితం:

పెయింటర్: "కార్డా? నాకు శనివారం కూలోళ్లకి ఇవ్వాలి." నగదో ఫోన్‌పేనో.
వడ్రంగి: అదే సమాధానం, కాస్త గట్టిగా.
గ్రానైటు: 2 శాతం ఎక్స్‌ట్రా.
కిటికీల ఫ్యాక్టరీ: 2 శాతం ఎక్స్‌ట్రా.
వైర్ల షాపు: ఒకటిన్నర శాతం ఎక్స్‌ట్రా. బిల్లు లేకుండా తీసుకుంటే ఇంకా తగ్గిస్తాడట.
టైల్స్: కార్డు ఓకే, ఎక్స్‌ట్రా లేదు. ట్రాన్స్‌ఫర్ అయితే 3 శాతం తగ్గింపు.
బాత్రూం సామాను: కార్డు ఓకే, ఎక్స్‌ట్రా లేదు.
ఏసీలు, ఫ్రిజ్జు, టీవీ: కార్డు అంటే చంకలు గుద్దుకున్నారు.

అంటే 14 లక్షల్లో ఎక్స్‌ట్రా లేకుండా గీకగలిగింది 2 ప్లస్ లక్షా 40 వేలు ప్లస్ 2. ఐదు లక్షల 40 వేలు. మిగతా 8 లక్షల 60 వేలు పాయింట్ల ముఖం చూడదు.

పెన్నా_గట్టు
కొండను తవ్వుతున్నావు. ఎలుక కనిపిస్తోందా?

గూడూరు_మాస్టారు
బిల్లు లేకుండా వైర్లు తీసుకోవద్దు బాబూ. నకిలీ వైరు గోడలో పెట్టి మూసేశాక ఎవరిని అడుగుతావు? బాత్రూం కొళాయిలకి కూడా వారంటీ బిల్లు మీదే ఉంటుంది.

ఇక కార్డు సంగతి. నేను పాతకాలం వాణ్ణి, నాకు అప్పు అంటేనే గిట్టదు. కానీ లెక్కల మాస్టారిని కాబట్టి ఒక లెక్క చెప్తాను. 5 లక్షల 40 వేలు గీకావు, ఏదో కారణంతో గడువులోగా కట్టలేకపోయావు అనుకో. కార్డు మీద వడ్డీ నెలకి మూడున్నర శాతం అనుకుంటే 18,900. దాని మీద 18 శాతం జీఎస్టీ 3,402. ఒక్క నెలకి 22,302 రూపాయలు. "కనీసం ఇంత కట్టండి" అని బిల్లు మీద రాస్తారు చూడు, 5 శాతం, అది కడితే పెనాల్టీ తప్పుతుందే గానీ మిగతాదానికి వడ్డీ గీకిన రోజు నుంచి లెక్క. ఆ తర్వాత కొన్న కొత్తిమీరకి కూడా వడ్డీలేని గడువు ఉండదు.

మైపాడు_అల
మాస్టారూ, అతని దగ్గర డబ్బు ఉంది అన్నాడు కదా. ఆటోపే పెట్టుకుంటే సరిపోతుంది. మరీ భయపెట్టకండి.

గూడూరు_మాస్టారు
ఇల్లు కట్టేవాడి దగ్గర "ఉంది" అన్న డబ్బు ఎన్నాళ్లు ఉంటుందో మీ బెంగళూరు అద్దింట్లో తెలియదు నాయనా. మేస్త్రి వచ్చి "పైన వాటర్ ట్యాంకుకి ఇంకో లక్ష" అంటాడు. ఆటోపే రోజున ఖాతాలో ఏముంటుంది?

మలైకాజా
మాస్టారు సిక్సర్.

కావలి_కుర్రోడు
మాస్టారికి ఎలా తెలిసిందో గానీ, నిన్ననే మేస్త్రి ట్యాంకు మాట ఎత్తాడు.

రొయ్యల_గుంట
నా కథ కూడా వినండి. మాది విడవలూరు వైపు చెరువులు. ఒక సీజన్లో మేత, మందులు మొత్తం కార్డు మీద కొన్నా. 45, 50 రోజులు వడ్డీ లేకుండా తిరుగుతుంది, రొయ్య సైజుకొచ్చి పట్టి అమ్మేసరికి బిల్లు వస్తుంది, పాయింట్లు అదనం. తెలివి అనుకున్నా. ఏడాదికి 10 లక్షలు దాటింది. ఏడాదిలో కార్డు బిల్లులకి 10 లక్షలు, ఆపైన కడితే బ్యాంకు ఆ వివరం ఆదాయపన్ను వాళ్లకి పంపుతుంది. బిల్లు నగదుగా కడితే లక్షకే పంపుతుంది. నా ఏఐఎస్‌లో (పన్ను వాళ్ల దగ్గరుండే మన లావాదేవీల పట్టీ) ఆ అంకె పడింది. నా రిటర్న్‌లో చూపించిన ఆదాయం కన్నా కార్డు బిల్లు ఎక్కువ! ఆడిటరు మొహం చూడాలి. మేత బిల్లులన్నీ తీసి చూపిస్తే సరిపోయింది గానీ రెండు నెలలు తల పట్టుకున్నా.

నీకు పొలం అమ్మిన కాగితాలు ఉన్నాయి కాబట్టి భయం లేదు. ఆ రిజిస్ట్రేషన్ కాగితాలు, షాపు బిల్లులు ఒకే ఫైల్లో పెట్టుకో, అంతే.

మలైకాజా
రొయ్యకి వైట్‌స్పాట్ రోగం, మనిషికి ఏఐఎస్.

రొయ్యల_గుంట
వైట్‌స్పాట్ జోకులొద్దు అబ్బయా, పోయిన సీజన్ ఇంకా మానలేదు.

మైపాడు_అల
సరే, నా 14 లక్షల లెక్క తప్పు, ఒప్పుకుంటున్నా. కానీ ఇంకోటి గమనించారా? 5 లక్షల 40 వేల ఇంటి సామానుకి అట్లాస్ లాంటి కార్డులో 10,800 మైళ్లు. రెండు టికెట్లు కలిపి 2 లక్షల 20 వేలు. ఎయిర్‌లైన్ సైట్లో నేరుగా కొంటే 100కి 5, అది నెలకి 2 లక్షల వరకే. 2 లక్షలకి 10 వేలు, మిగతా 20 వేలకి 400. మొత్తం 10,400 మైళ్లు. ఇంట్లో సగం సామాను కొంటే వచ్చేదీ, రెండు టికెట్లు కొంటే వచ్చేదీ ఇంచుమించు ఒకటే! ట్రావెల్ కార్డుకి ఇష్టమైన ఖర్చు ఇల్లు కాదు, టికెట్టు.

పెన్నా_గట్టు
ఇది మాత్రం బాగా పట్టావు. కానీ టికెట్టు కొన్నాక వచ్చే పాయింట్లతో ఆ టికెట్టే కొనలేం కదా. మళ్లీ ఎప్పుడో వెళ్లే ప్రయాణానికి.

కావలి_కుర్రోడు
నాన్న ఇంకోసారి వెళ్లడు. ఈసారి వెళ్లడానికే అమ్మ రెండు నెలలు బతిమాలింది.

బ్యాంకు_బాబాయ్
టికెట్టు కొనేముందు వీసా వచ్చిందో లేదో చూసుకో. రద్దు చేస్తే డబ్బులో కోత పడుతుంది, వచ్చిన పాయింట్లు కూడా వెనక్కి తీసేసుకుంటారు.

కావలి_కుర్రోడు
వీసాలు వచ్చేశాయి బాబాయ్, డిసెంబరులో. ఆఫీసరు నాన్నని అడిగింది ఒక్కటే ప్రశ్న, "ఎందుకు వెళ్తున్నారు?" "పంపిస్తున్నారు కాబట్టి" అన్నాడట. స్టాంపు కొట్టి ఇచ్చారు.

ఏసీల షాపువాడు "నో కాస్ట్ ఈఎంఐ" అంటున్నాడు. వడ్డీ లేదు, పాయింట్లూ వస్తాయి అంటున్నాడు. నిజమా?

కనిగిరి_కోడలు
సగం నిజం. వడ్డీని ముందే తగ్గింపుగా చూపిస్తారు, తర్వాత నెలనెలా వడ్డీ వేస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ నువ్వే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు వేరే. పైగా ఈఎంఐ చేస్తే చాలా కార్డుల్లో పాయింట్లు రావు. డబ్బు చేతిలో ఉన్నవాడికి ఈఎంఐ ఎందుకు? "ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తావు" అని అడుగు. తగ్గిస్తాడు.

ఏసీల మీద నీకు వచ్చిన అసలు లాభం వేరే. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. 32 అంగుళాల పైన టీవీలకీ అంతే. కార్డు పాయింట్లలో అంత రావడం కష్టం.

డాలస్_నెల్లూరోడు
రెండు పేజీలు చదివాను. అందరూ కావలిలో వెతుకుతున్నారు. పోయిందేమో డాలస్‌లో!

మీ అక్కాబావ ఇక్కడే ఉన్నారు కదా. ఇక్కడి ట్రావెల్ కార్డుల్లో డబ్బంతా వెల్‌కం బోనసులోనే ఉంటుంది. మన దేశంలో లాగా వందకి ఒకటిన్నర, రెండు అని ఏరుకోవక్కర్లేదు. ఉదాహరణకి క్యాపిటల్ వన్ వెంచర్: ఏడాది ఫీజు 95 డాలర్లు. మొదటి 3 నెలల్లో 4,000 డాలర్లు ఖర్చు పెడితే 75 వేల మైళ్లు. చాన్నాళ్లుగా ఉన్న ఆఫరు ఇది. మైలు ఒక సెంటు లెక్కన ప్రయాణ ఖర్చుకి సర్దుకోవచ్చు, 750 డాలర్లు. టికెట్టు మామూలుగా కార్డు మీద కొని, 90 రోజుల లోపల మైళ్లతో ఆ ఖర్చు చెరిపేయొచ్చు. టికెట్టు ఎవరి పేరు మీదైనా పర్లేదు, అత్తామామలదైనా సరే. మన రూపాయల్లో 60 వేల పైమాట. కావలి తమ్ముడు 5 లక్షల 40 వేలు గీకి తెచ్చుకునేది అందులో నాలుగో వంతు కూడా ఉండదు.

మైపాడు_అల
అన్నా, వాళ్లు 4,000 డాలర్లు మూడు నెలల్లో దేనికి ఖర్చు పెడతారు?

డాలస్_నెల్లూరోడు
బిడ్డ పుట్టబోతోంది అమెరికాలో! ఖర్చుకి కరువా? ఉయ్యాల, కారు సీటు, స్ట్రోలరు. ఇన్సూరెన్సు ఉన్నా మన వాటా కింద హాస్పిటల్ వాళ్లు చాలాచోట్ల డెలివరీకి ముందే కొంత కట్టమంటారు. ఆరు నెలల కారు ఇన్సూరెన్సు. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నేను ఆ 4,000 రెండు నెలల్లో దాటించా, ఏమీ అదనంగా కొనకుండానే. హాస్పిటల్ బిల్లు చూసి ఏడుస్తూ మైళ్లు చూసి నవ్వుకున్నా.

ఒక్క జాగ్రత్త. మైళ్లు బిల్లు పడ్డాక గానీ రావు. మేలో ప్రయాణం అంటే ఈ నెలలోనే అప్లై చేయాలి. ఇక్కడ కూడా అప్పు మిగిల్చితే వడ్డీ నరకమే, మాస్టారి లెక్క ఇక్కడా పనిచేస్తుంది.

పెన్నా_గట్టు
అంటే ఇల్లు కట్టేది కావలిలో, కార్డు తీసుకోవాల్సింది డాలస్‌లో.

కనిగిరి_కోడలు
నాకు ఇదే నచ్చింది. కావలిలో ఉన్న డబ్బుతో తగ్గింపులు బేరమాడుకో. టైల్స్ వాడు ట్రాన్స్‌ఫర్‌కి 3 శాతం అన్నాడు, 6 వేలు. ఆ 2 లక్షలకి ఏ కార్డు 6 వేలు ఇస్తుంది?

చీమకుర్తి_నల్లరాయి
గ్రానైటు మాత్రం మా దగ్గరికే రా తమ్ముడూ. బేరం బాగా ఆడు, టీ ఇప్పిస్తా.

కావలి_కుర్రోడు
బావని అడగాలంటే మొహమాటంగా ఉంది. మా ఇంటి టికెట్లకి ఆయన కార్డు తీసుకోవడం ఏమిటి అనుకుంటాడేమో.

గూడూరు_మాస్టారు
అత్తామామలు వెళ్లేది ఎవరి బిడ్డని ఎత్తుకోవడానికి? అడుగు.

మలైకాజా
అడిగేటప్పుడు అరకేజీ మలై కాజా పంపుతానని చెప్పు. మొహమాటం దానంతట అదే పోతుంది.

డాలస్_నెల్లూరోడు
అరకేజీ సరిపోదు. నా వంతు కూడా కలిపి పంపండి.

బ్యాంకు_బాబాయ్
అయినా సరే, ఒక చిన్న ఎఫ్‌డీ పెట్టి కార్డు తీసుకో అబ్బాయ్. పాయింట్ల కోసం కాదు. రేపు కారు లోనుకో, పై అంతస్తు లోనుకో వెళ్తే సిబిల్‌లో ఏదో ఒక చరిత్ర ఉండాలి. లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడు, బిల్లు పూర్తిగా కట్టు. కార్డు తీసుకున్నాక "లిమిట్ పెంచుతాం" అని ఫోన్లు వస్తాయి, వాట్సాప్‌లో ఏదో యాప్ ఫైలు పంపుతారు. ముట్టుకోకు. ఓటీపీ దేవుడడిగినా చెప్పకు.

అమ్మానాన్నకి అక్కడ వాడుకోవడానికి ఇక్కడి కార్డు ఇస్తున్నావా? మామూలు కార్డుల్లో విదేశీ ఖర్చుకి మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 4.13 శాతం వేస్తారు. స్కేపియా లాంటి కొన్ని కార్డుల్లో ఆ రుసుము ఉండదు. ఏ కార్డైనా యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేస్తేనే అక్కడ పనిచేస్తుంది.

కావలి_కుర్రోడు
నాన్న అక్కడ ఏం కొంటాడు బాబాయ్, వాల్‌మార్ట్‌లో ధర చూసి రూపాయల్లోకి మార్చి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

కావలి_కుర్రోడు
మూడు నెలలైంది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు.

బావకి ఫోన్ చేశా. నేను సగం చెప్పేలోపే, "ఆ కార్డు నేను పోయిన వారమే తీసుకున్నా, మీ అక్క చెప్పలేదా?" అన్నాడు. ఉయ్యాల, కారు ఇన్సూరెన్సు, హాస్పిటల్‌కి ముందు కట్టింది కలిపి రెండున్నర నెలల్లో 4,000 డాలర్లు దాటింది. 75 వేల మైళ్లు పడ్డాయి. అమ్మ టికెట్టు బావ కార్డు మీద కొని 750 డాలర్లు చెరిపేశాడు. నాన్న టికెట్టు నేను మామూలుగా కొన్నా.

ఇక్కడ సంగతి: టైల్స్‌కి నెఫ్ట్ కట్టి 6 వేలు తగ్గించుకున్నా. బాత్రూం సామానుకి కూడా ట్రాన్స్‌ఫర్ అంటే రెండున్నర శాతం తగ్గించాడు, కార్డు ఓకే అన్నప్పుడు ఆ మాట చెప్పనేలేదు. నల్లరాయి గారి దగ్గర అడుగుకి నాలుగు రూపాయలు తగ్గింది, టీ కూడా తాగా. లక్షన్నర ఎఫ్‌డీ మీద కార్డు తీసుకున్నా. దాని మీద కొన్నది ఫ్రిజ్జు ఒక్కటే. వచ్చిన పాయింట్లు 310. దేనికి పనికొస్తాయో ఇంకా తెలియదు. ట్యాంకుకి మేస్త్రి లక్షా 15 వేలు పట్టుకెళ్లాడు.

మైపాడు_అల
310 పాయింట్లా! నా గుండె ఆగింది.

గూడూరు_మాస్టారు
ట్యాంకు ఎంత అన్నాను నేను? లక్ష. పదిహేను వేలు తేడా.

కావలి_కుర్రోడు
నాన్నకి మొత్తం వివరంగా చెప్పా. అంతా విని, "అయితే 14 లక్షలు ఖర్చుపెట్టింది మనం, టికెట్టు వచ్చింది అల్లుడికా?" అన్నాడు. కాసేపాగి, "అమ్మ టికెట్టు ఆయన కొన్నాడు, నాది నువ్వు కొన్నావు. తిరుగు టికెట్టు ఇద్దరికీ ఒకే రోజుకి ఉందా, చూడు" అన్నాడు.

డాలస్_నెల్లూరోడు
ఉందా?

కావలి_కుర్రోడు
చూశా. రెండు రోజులు తేడా ఉంది. మార్పించడానికి బావ ఇప్పుడు ఫోన్లో క్యూలో ఉన్నాడు.

మలైకాజా
గృహప్రవేశం ఎప్పుడు? మా అందరికీ కార్డు పంపు. క్రెడిట్ కార్డు కాదు, శుభలేఖ.

కావలి_కుర్రోడు
వైశాఖంలో, వాళ్లు విమానం ఎక్కేలోపే. అందరూ రండి. మైపాడు అలకి లౌంజ్ లేదు, షామియానానే.